డిమ్ ఎప్పుడు, బ్రైట్ ఎప్పుడు, నాలుగు ఇండికేటర్లు ఎప్పుడు?

మీరు అడిగింది ఇదీ: కారు కొని మూడు నెలలైంది. సంక్రాంతికి హైదరాబాద్ నుంచి అమలాపురం దగ్గర మీ అత్తగారి ఊరికి రాత్రి బయల్దేరి వెళ్తున్నారు. డిమ్ ఎప్పుడు వేయాలో, బ్రైట్ ఎప్పుడు వేయాలో, ఫాగ్ లైట్లు దేనికో తెలియడం లేదు. మంచులో నాలుగు ఇండికేటర్లూ వేసుకుని నడపమని మీ మావయ్య గారు చెప్పారు, అది సరైనదేనా అన్నారు. నేను నాలుగేళ్లు ఆటో ఎలక్ట్రికల్ షాపులో పనిచేశాను. ఆ తర్వాత ఇరవై రెండేళ్లుగా ట్రావెల్స్ బండ్లు నడుపుతున్నాను. మీరు వెళ్లే దారిలో పండగలకు చాలాసార్లు వెళ్లాను కాబట్టి కాస్త వివరంగానే రాస్తాను.

ముందు మీ మావయ్య గారి మాట సంగతి. నడుస్తున్న బండికి నాలుగు ఇండికేటర్లు వేయకండి. ఎందుకో మంచు దగ్గరికి వచ్చినప్పుడు చెబుతాను. అంతకంటే ముందు డిమ్, బ్రైట్ సంగతి తేలాలి. రాత్రి ప్రయాణంలో మీ చెయ్యి ఎక్కువగా ఉండేది స్టీరింగ్ పక్కనున్న ఆ లైట్ల కాడ మీదే.

రాత్రి బండి నడుస్తున్నంతసేపూ వెలగాల్సింది డిమ్. సెంట్రల్ మోటార్ వెహికల్స్ రూల్స్, 1989 ప్రకారం సూర్యాస్తమయం అయిన అరగంట నుంచి సూర్యోదయానికి అరగంట ముందు వరకు లైట్లు వేసి ఉండాలి. వెలుతురు చాలనప్పుడు పగలైనా వేయాలి. నేను ఆ అరగంట కూడా ఆగను. పొద్దు వాలి, రోడ్డూ దాని పక్కన మట్టీ ఒకే రంగులో కనిపించడం మొదలవగానే డిమ్ వేస్తాను. మనకు కళ్లు కనిపిస్తూనే ఉంటాయి, కానీ ఎదుటివాడికి మన బూడిద రంగు కారు కనిపించడం తగ్గేది సరిగ్గా ఆ వేళలోనే.

డిమ్ వేసి గోడ ముందు బండి నిలబెట్టి చూడండి. చాలా కార్లలో వెలుగు పైఅంచు గీత గీసినట్టు ఉంటుంది. కుడివైపు కాస్త కిందికి, ఎడమవైపు కాస్త పైకి లేచి ఉంటుంది. మనం ఎడమ పక్క నడుస్తాం కాబట్టి అలా తయారు చేస్తారు. కుడివైపు ఎదురొచ్చేవాడి కళ్లలో పడకూడదు, ఎడమవైపు సైకిలువాడు, నడిచేవాడు, మైలురాయి, బోర్డు కనిపించాలి. అమెరికా నుంచి వచ్చే బంధువుల చేత ‘అసలు కంపెనీ హెడ్‌లైటు’ తెప్పించుకుని బిగించేవాళ్లను షాపులో చూశాను. అక్కడ కుడి పక్క నడుస్తారు కాబట్టి ఆ లైటు అంచు తిరగబడి ఉంటుంది. ఇక్కడ బిగిస్తే ఆ పైకి లేచే వెలుగు నేరుగా ఎదుటి డ్రైవర్ ముఖం మీద పడుతుంది.

బ్రైట్ వేయాల్సిన చోటు ఒకటే: వీధి దీపాలు లేవు, ఎదురుగా ఎవరూ రావడం లేదు, ముందు దగ్గరలో ఏ బండీ లేదు. అలాంటి చోట తప్పకుండా వేయండి. కొత్తవాళ్లు మొహమాటానికి రాత్రంతా డిమ్ మీదే నడుపుతారు, అది కూడా ప్రమాదమే. మన రోడ్ల మీద ఏముంటాయో మీకు తెలుసు. ఆరబోసిన వడ్లు, వాటి చుట్టూ పేర్చిన రాళ్లు, రంగు వేయని స్పీడ్ బ్రేకర్, రోడ్డు మీద పడుకున్న గేదె. నల్ల తారు మీద నల్ల గేదె డిమ్ వెలుగులోకి వచ్చేసరికి చాలా దగ్గరైపోతుంది. శివరాత్రి ముందు శ్రీశైలం దారుల్లో నడిచి వెళ్లే భక్తులైతే గుంపులు గుంపులుగా రోడ్డు అంచునే ఉంటారు.

ఎదురు బండి వస్తే ఎంత దూరంలో డిమ్ చేయాలని అడుగుతారు చాలామంది. మీటర్లలో చెబితే చీకట్లో ఎవరికీ అందదు. నేను చూసే గుర్తు ఇది. దూరంగా ఉన్నప్పుడు ఎదుటి కారు లైట్లు రెండూ కలిసి ఒకే చుక్కలా ఉంటాయి. ఆ చుక్క రెండుగా విడిపోయేలోపే నేను డిమ్‌లో ఉంటాను. ఎదురొచ్చేది బైక్ అయితే ఎప్పటికీ ఒకటే చుక్క, అందుకని ఒంటి లైటు కనిపిస్తే ఇంకా ముందే తగ్గిస్తాను. మలుపు దగ్గరైతే లైటు కనిపించేదాకా కూడా ఆగక్కర్లేదు. చెట్ల మీద వెలుగు కదులుతుంటే అవతల ఎవరో వస్తున్నారని అర్థం. వంతెన ఎక్కేటప్పుడు, గట్టు ఎక్కేటప్పుడు కూడా ఇంతే.

ముందు బండి వెనకాల వెళ్తున్నప్పుడు బ్రైట్ వేస్తే అతని మూడు అద్దాల నుంచీ వెలుగు కళ్లలోకి కొడుతుంది. డివైడర్ ఉంది కదా, ఏమవుతుందిలే అనుకోకండి. చౌటుప్పల్ నుంచి కోదాడ దాకా డివైడర్‌లో మొక్కలు గుబురుగా ఉన్న చోట అవతలివాళ్లకు అడ్డం ఉంటుంది, కత్తిరించిన చోట, యూ టర్న్ దగ్గర ఉండదు. బస్సు, లారీ డ్రైవర్లు ఎత్తులో కూర్చుంటారు, మొక్కలున్నా మీ వెలుగు వాళ్లకు తగులుతుంది.

ఇప్పుడు అసలు భయపడాల్సిన సంగతి. 80 కిలోమీటర్ల వేగంలో బండి సెకనుకు 22 మీటర్లు పోతుంది. ఎదుటి బ్రైట్ కళ్లలో కొట్టాక చూపు మామూలవడానికి మూడు సెకన్లు పట్టిందనుకోండి, 66 మీటర్లు మీరు కళ్లకు గంతలు కట్టుకుని నడిపినట్టే. ఒకసారి జనవరిలో, తెల్లవారుజాము నాలుగు దాటాక, తణుకు దాటి ఓ పక్క రోడ్డులో వెళ్తున్నాను. వెనక సీట్లో ఒక కుటుంబం నిద్రలో ఉంది. ఎదురుగా లారీ బ్రైట్‌తో వచ్చింది. రెండుసార్లు డిప్పర్ కొట్టాను, అంటే బ్రైట్ ఒక్క క్షణం మెరిపించి తగ్గించాను. అతను తగ్గించలేదు. నేను కాలు తీసేసి, చూపు ఎడమ పక్క తెల్లగీత మీద పెట్టి, 40కి దిగాను. లారీ దాటిన క్షణంలో అంతా నలుపు. ఆ నలుపులోంచి ముందుగా ఒక వాసన వచ్చింది, పచ్చి గడ్డి వాసన. ఆ తర్వాత కనిపించింది, రోడ్డంత వెడల్పున గడ్డి మోపులు వేసుకుని పోతున్న ట్రాక్టర్ ట్రక్కు. వెనక లైటు లేదు, రేడియం స్టిక్కర్ ఉన్నా గడ్డి కింద మునిగిపోయింది. బ్రేకు గట్టిగా తొక్కితే దానికి నాలుగడుగుల దూరంలో ఆగాను. వెనక నిద్రపోతున్న పాప ముందు సీటుకు తగిలి లేచి ఏడ్చింది, అంతకుమించి ఏమీ కాలేదు. ఆ రోజు నేను 70లో ఉండుంటే ఏమయ్యేదో ఇప్పటికీ ఆలోచించలేను.

అందుకే ఎదుటివాడు తగ్గించకపోతే మీరూ బ్రైట్ వేసి కక్ష తీర్చుకోకండి. అప్పుడు ఇద్దరికీ కనపడదు. ఒకసారి డిప్పర్ కొట్టండి, వేగం తగ్గించండి, అతని లైటు వైపు కాకుండా ఎడమ అంచు గీత చూడండి. వెనకవాడి వెలుగు ఇబ్బంది పెడితే లోపలి అద్దం కింద చిన్న మీట ఉంటుంది, దాన్ని లాగితే వెలుగు మసకబారుతుంది. చాలామందికి అది ఉందనే తెలియదు. ఇంకో లెక్క కూడా మనసులో పెట్టుకోండి. మామూలు డిమ్‌లో స్పష్టంగా కనిపించేది సుమారు 50 మీటర్లు. 80లో ఉన్న బండి, మీరు గమనించి బ్రేకు తొక్కి ఆగేసరికి పొడి రోడ్డు మీదే 60 మీటర్లు దాటుతుంది. అంటే డిమ్ మీద 80లో వెళ్తూ రోడ్డు మీద వస్తువు కనిపించాక ఆగడం జరిగే పని కాదు. డిమ్‌కి దిగినప్పుడల్లా కాలు కూడా కాస్త లేవాలి.

డిప్పర్ గురించి రెండు మాటలు. మన దగ్గర ఎదుటివాడు డిప్పర్ కొడితే ఎక్కువసార్లు ‘నేను వస్తున్నాను, నువ్వు ఆగు’ అని. కొందరు ‘నువ్వు వెళ్లు’ అని కూడా కొడతారు. అందుకని డిప్పర్ చూసి దాన్ని అనుమతిగా తీసుకోకండి, బండి నిజంగా ఆగిందో లేదో చూడండి. ఓవర్‌టేక్ చేసేటప్పుడు ముందు లారీవాడు వేసే ఇండికేటర్ కూడా అంతే. ఎడమది వేసి ‘వెళ్లిపో’ అనేవాళ్లున్నారు, కుడిది వేసి ‘ఆగు, ఎదురొస్తోంది’ అనేవాళ్లున్నారు. కానీ అదే లారీ నిజంగానే కుడికి తిరగబోతుండొచ్చు. నా కళ్లతో ఖాళీ రోడ్డు చూస్తే తప్ప నేను పక్కకు రాను.

ఇక మంచు. పండగ రోజుల్లో ఏలూరు దాటాక తెల్లవారుజామున ఎక్కడో ఒకచోట తగులుతుంది. సిద్ధాంతం దగ్గర గోదావరి వంతెన మీద, రావులపాలెంలో దిగి కొత్తపేట వైపు తిరిగాక కాలువ పక్క రోడ్డులో ఇంకా దట్టంగా ఉంటుంది. భోగి నాడైతే మంటల పొగ కూడా కలుస్తుంది. అక్కడ కనపడటం లేదని చెయ్యి బ్రైట్ మీదికి పోతుంది. వేయగానే ముందు తెల్ల గోడ లేస్తుంది. గాలిలోని నీటి బిందువులు ఆ వెలుగును తిరిగి మీ కళ్లలోకే కొడతాయి. ఎంత బ్రైట్ ఉంటే అంత గోడ.

ఫాగ్ లైట్లు బంపర్ కింద, నేలకు దగ్గరగా ఎందుకు పెట్టారంటే ఇందుకే. వాటి వెలుగు వెడల్పుగా, చదునుగా, మంచు తెర కింది నుంచి రోడ్డు మీద పరుచుకుంటుంది. దూరం చూపించవు, రోడ్డు అంచులు చూపిస్తాయి. కాలువ గట్టు మీద మీకు కావాల్సింది అదే. పసుపు రంగు బల్బు మంచును చీలుస్తుందని అమ్మేవాళ్లు చెబుతారు. మంచు బిందువులు పెద్దవి, అవి ఏ రంగు వెలుగునైనా దాదాపు ఒకేలా చెదరగొడతాయి. పసుపు కొందరి కళ్లకు హాయిగా ఉంటుంది, అది వేరే సంగతి. పనిచేసేది లైటు ఉన్న ఎత్తు, దాని అంచు. మంచు పోగానే ఫాగ్ లైట్లు ఆపేయండి. ఊళ్లో అందానికి వేసుకుని తిరిగేవాళ్లున్నారు, తడి రోడ్డు మీద ఆ వెలుగు అద్దంలోలా పైకి లేచి ఎదుటివాళ్లను ఇబ్బంది పెడుతుంది. వెనక ఎర్ర ఫాగ్ లైటు ఉన్న కారైతే మరీ జాగ్రత్త. అది టెయిల్ లైటు కన్నా చాలా ఎక్కువ వెలుగు. దట్టమైన మంచులో ప్రాణం కాపాడుతుంది, మామూలు రాత్రి వెనకవాడికి మీ బ్రేక్ లైటు వెలిగిందో లేదో తెలియనివ్వదు.

ఇప్పుడు మీ మావయ్య గారి సలహా. ఆయన ఆలోచన మంచిదే, వెనకవాళ్లకు మనం కనపడాలని. కానీ నాలుగు ఇండికేటర్లు చెప్పే మాట ఒకటే: ఈ బండి ఆగిపోయింది, లేదా ఇక్కడ ప్రమాదం ఉంది. నడుస్తూ అవి వేస్తే మూడు నష్టాలు. మీరు కుడికి తిరగాలనుకున్నప్పుడు ఇండికేటర్ వేసినా ఎవరికీ అర్థం కాదు. మంచులో వెనకవాడు మీరు ఆగి ఉన్నారనుకుని పక్కకు తప్పించబోయి ఎదురు బండి మీదికి పోవచ్చు. అందరూ అలా వేసుకుని పోతుంటే, నిజంగా ఆగిపోయిన బండిని గుర్తుపట్టే దారే ఉండదు. కాబట్టి మంచులో డిమ్, ఫాగ్ లైట్లు, వెనక ఫాగ్ లైటు ఉంటే అది, అద్దాలు కాస్త దించి చెవులు బయట పెట్టి, 20, 30లో వెళ్లండి. మరీ కనపడకపోతే రోడ్డు మీద ఆగకుండా పెట్రోల్ బంకులోకో హోటల్ ముందుకో దిగి, టీ తాగి, ఎండ వచ్చాక వెళ్లండి. అత్తగారింట్లో రెండు గంటలు ఆలస్యమైతే ఎవరూ ఏమీ అనరు.

నాలుగు ఇండికేటర్లు వేయాల్సింది బండి చెడిపోయి రోడ్డు పక్కన ఆగినప్పుడు. హైవే మీద ముందు ట్రాఫిక్ ఒక్కసారిగా ఆగిపోతే, వెనకవాడు గమనించేదాకా కొన్ని సెకన్లు వేయడం కూడా మంచి అలవాటే. జంక్షన్‌లో నేరుగా వెళ్తున్నానని చెప్పడానికి వేసేవాళ్లున్నారు, పెద్ద తప్పు. పక్క నుంచి వచ్చేవాడికి మీ బండికి ఒక పక్కే కనిపిస్తుంది, మీరు తన వైపు తిరుగుతున్నారనుకుంటాడు. నేరుగా పోవడానికి ఏ లైటూ అక్కర్లేదు. బండి ఆగిపోతే డిక్కీలో ఉండే ఎర్ర త్రికోణం తీసి వెనక కనీసం యాభై అడుగులు వేసి పెట్టండి, హైవే అయితే ఇంకా దూరం. పిల్లల్ని దింపి రోడ్డుకు దూరంగా నిలబెట్టండి.

వానలో సంగతి తేలిక. వైపర్ తిరుగుతుంటే డిమ్ వెలగాలి, పగలైనా సరే. అమెరికాలో చాలా రాష్ట్రాల్లో అది చట్టమే.

మీది కొత్త కారు కాబట్టి ఒక హెచ్చరిక. ముందు తెల్లగా సన్నటి గీతలా వెలిగే డీఆర్‌ఎల్ (పగటిపూట వెలిగే) లైట్లు స్టార్ట్ చేయగానే వస్తాయి. చాలా మోడళ్లలో వాటితో పాటు వెనక టెయిల్ లైట్లు వెలగవు. హైదరాబాద్‌లో వీధి దీపాల కింద ముందంతా వెలుగుగా ఉంటుంది, డ్యాష్‌బోర్డు కూడా వెలుగుతూ ఉంటుంది, లైట్లు వేశాననే అనుకుంటారు. వెనక మాత్రం పూర్తి చీకటి. ఇలాంటి కారు ఔటర్ రింగ్ రోడ్డు ఎక్కడం నేను దాదాపు ప్రతి వారం చూస్తాను. డ్యాష్‌బోర్డులో ఆకుపచ్చ డిమ్ గుర్తు వెలిగిందో లేదో చూసే అలవాటు చేసుకోండి, నీలం గుర్తు అంటే బ్రైట్. ఆటో స్విచ్ ఉంటే అందులోనే వదిలేయండి, కానీ మంచును చాలా కార్ల ఆటో గుర్తుపట్టదు, పగటి మంచులో మీరే వేసుకోవాలి. పార్కింగ్ లైట్లు పేరుకు తగ్గట్టు ఆగి ఉన్నప్పుడే. వాటితో నడపకూడదు.

ఐదుగురు ఎక్కి, డిక్కీలో పండగ సామాను పెట్టాక వెనక భాగం కిందికి దిగి ముక్కు పైకి లేస్తుంది. అప్పుడు మీ డిమ్ కూడా ఎదుటివాడికి బ్రైట్‌లా కొడుతుంది. దారి పొడుగునా అందరూ మీకు డిప్పర్ కొడుతుంటే కారణం ఎక్కువసార్లు ఇదే. స్టీరింగ్‌కి కుడి పక్కన 0, 1, 2, 3 అని చిన్న చక్రం ఉంటే, బరువు పెరిగిన కొద్దీ అంకె పెంచండి, వెలుగు కిందికి దిగుతుంది. చక్రం లేని కారైతే బయల్దేరే ముందు సామానుతో సహా గోడ ముందు పరీక్షించండి. చదునైన నేల మీద గోడకు 5 మీటర్ల దూరంలో నిలిపి, హెడ్‌లైటు మధ్య భాగం నేల నుంచి ఎంత ఎత్తుందో కొలిచి, గోడ మీద అంతే ఎత్తులో సుద్దముక్కతో గీత గీయండి. డిమ్ అంచు ఆ గీతకు సుమారు 5 సెంటీమీటర్లు కింద పడితే సరిగ్గా ఉన్నట్టు. పైన పడితే మెకానిక్ దగ్గర స్క్రూ తిప్పించడం పది నిమిషాల పని.

వెలుగు చాలడం లేదని బల్బులు మార్చబోయేవాళ్లకు షాపు అనుభవంతో చెబుతున్నాను. మామూలు హెచ్4 హాలోజన్ బల్బు బ్రైట్‌కి 60, డిమ్‌కి 55 వాట్లు. దాని చోట 100/90 బల్బు పెట్టి, హోల్డర్ కరిగి, వైరు నల్లగా మాడిన బండ్లు మా దగ్గరికి వచ్చేవి. హాలోజన్ కోసం చేసిన రిఫ్లెక్టర్‌లో, అంటే బల్బు చుట్టూ ఉండే మెరిసే గిన్నెలో, ఎల్ఈడీ బల్బు పెడితే మీకు ముందు తెల్లగా బాగానే అనిపిస్తుంది. కానీ ఆ గిన్నె ఆకారం ఫిలమెంట్ (హాలోజన్ బల్బులో వెలిగే తీగ) ఉండే చోటును బట్టి చేసింది. వెలుగు పుట్టే చోటు మారితే అంచు చెదిరిపోయి, రోడ్డు మీద పడాల్సింది ఎదుటివాడి కళ్లలో పడుతుంది. అంతకన్నా ముందు హెడ్‌లైటు అద్దం శుభ్రం చేయండి, పసుపెక్కి ఉంటే పాలిష్ చేయించండి. ముందు అద్దం లోపలి వైపు కూడా తుడవండి. అక్కడ పేరుకునే పల్చటి జిడ్డు పగలు కనపడదు, ఎదురు లైటు పడగానే అద్దమంతా తెల్లగా అలుముకుంటుంది. ఒక బల్బు పోతే రెండూ మార్చండి, హాలోజన్ బల్బు గాజును వేలితో ముట్టుకోకండి, చేతి జిడ్డు అంటిన చోట వేడెక్కి తొందరగా పోతుంది.

బయల్దేరే రోజు సాయంత్రం మీ ఇంట్లో ఒకరిని కారు వెనక నిలబెట్టి బ్రేకు తొక్కండి. కింద రెండూ, పైన అద్దం దగ్గరది మొత్తం మూడూ వెలగాలి. తర్వాత రెండు ఇండికేటర్లు, రివర్స్ లైటు, నంబరు ప్లేటు లైటు చూడమనండి. ఇండికేటర్ మామూలు కన్నా గబగబా టిక్ టిక్ అంటుంటే ఆ పక్క ఒక బల్బు పోయిందని అర్థం. మీ కారుకు సరిపడే ఫ్యూజులు నాలుగు, ఇండికేటర్ బల్బు ఒకటి, చిన్న టార్చి గ్లవ్ బాక్స్‌లో పడేయండి. నకిరేకల్ దాటాక అర్ధరాత్రి హెడ్‌లైటు ఫ్యూజు పోతే ఆ చిన్న ముక్కే మిమ్మల్ని ఊరు చేరుస్తుంది. ఫ్యూజు డబ్బా మూత లోపల ఏది దేనిదో బొమ్మ ఉంటుంది, పగటిపూట ఒకసారి తెరిచి చూసుకోండి.